మిరపకాయ ఫొటోలో కనిపించని చేతులు

కూరగాయనీ, ఉప్పురాయినీ, అన్నం మెతుకునీ బాగా దగ్గరనుంచి తీసిన ఫొటోల గురించి మాట్లాడటానికి దళిత పత్రికకి ఏం పని అని కొందరు మిత్రులు అడిగారు. తిండిని సాకుగా పెట్టి మనుషుల్ని వెలివేసిన దేశం ఇది. ఇక్కడ తిండిని ఎవరు చూస్తారు, ఎట్లా చూస్తారు, దేన్ని చూపించి దేన్ని దాస్తారు అన్నది మా ప్రశ్న కాకుండా ఎట్లా పోతుంది? ‘అందమైన రూపం’ అన్న మాట వినపడ్డప్పుడల్లా ఆ రూపం ఎవరి పని మీద నిలబడిందో అడగడం మాకు అలవాటు. ఇక్కడా అదే అడుగుతున్నాం.

ఈ తరహా ఫొటోలన్నిటికీ పెద్దదిక్కుగా చెప్పేది ‘పెప్పర్ నంబర్ 30’. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930 ఆగస్టులో, కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో తీశాడు. అందులో ఉన్నది ఒక క్యాప్సికం కాయ, అంతే. దాన్ని ఎట్లా నిలబెట్టాలో తెలీక వెనక రకరకాల తెరలు పెట్టి చూశాడు. కుదరలేదు. చివరికి ఒక రేకు గరాటుని అడ్డంగా పడుకోబెట్టి, దాని నోట్లో కాయను ఉంచాడు. పైనుంచి పడ్డ వెలుగు గరాటు గోడలకు తగిలి కాయని నలువైపులా చుట్టుకుంది. లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, కొన్ని నిమిషాల పాటు తెరిచి ఉంచాడు. రంధ్రం ఎంత చిన్నదైతే ముందూ వెనకా అంత స్పష్టంగా వస్తాయి, వెలుగు మాత్రం అంత నిదానంగా లోపలికి పోతుంది. 1932లో వెస్టన్, ఆన్సెల్ ఆడమ్స్ తదితరులు పెట్టుకున్న బృందానికి ‘ఎఫ్/64’ అని పేరు రావడానికి కూడా ఈ చిన్న రంధ్రమే కారణం.

ఆ ఫొటో ముందు మేమూ నిలబడిపోయాం. అబద్ధమెందుకు? చూడగా చూడగా అది కాయ కాదు, మనిషి వీపు. బరువు మోసి వంగిన వీపులాగా ఉంటుంది. కొందరికి పెనవేసుకున్న రెండు శరీరాల్లాగా కనపడుతుంది. అది మిరపకాయే గానీ మిరపకాయని దాటిపోయిందన్న అర్థంలో వెస్టనే రాసుకున్నాడు. మా పేచీ ఇక్కడే మొదలవుతుంది. దాటి ఎక్కడికి పోయింది? చేను దాటింది, అంగడి దాటింది, వండే పొయ్యి దాటింది. కాయలో మనిషి వీపు కనపడుతోంది గానీ కాయ కోసిన మనిషి ఎక్కడా లేడు. కష్టం చేసే శరీరపు ఆకారం కళకి పనికొచ్చింది, ఆ శరీరం మాత్రం పనికిరాలేదు.

వెస్టన్‌ని తిట్టడం మా ఉద్దేశం కాదు. ఆయన కలిగినవాడేం కాదు, జనానికి ఫొటోలు తీసిచ్చి బతికాడు. ఫొటో తీశాక ఆ కాయల్ని తిన్నానని కూడా దాచకుండా రాసుకున్నాడు. రాజుల్నీ రాణుల్నీ వదిలి అంగట్లో దొరికే కాయ ముందు నిమిషాల తరబడి నిలబడటం చిన్న సంగతేం కాదు. దీనికి ముందే, 1925లో, మెక్సికోలో ఆయన పాయిఖానా గిన్నెని కూడా అంతే శ్రద్ధగా ఫొటో తీశాడు. మెరిసే తెల్లటి వంపు. ఆ ఫొటో చూసి యూరపు శిల్పాల్ని తలుచుకునేవాళ్లున్నారు. మాకు మాత్రం ఆ మెరుపు వెనక ఎవరి చేయి ఉందన్న ప్రశ్నే ముందొస్తుంది. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చేసుకోవాల్సి వచ్చిన దేశంలో, ‘రూపం వేరు, పని వేరు’ అనుకునే వెసులుబాటు అందరికీ ఉండదు.

అదే కాలిఫోర్నియా తీరం, ఆరేళ్ల తర్వాత. 1936 మార్చిలో నిపోమో దగ్గర బఠాణీ కోతకొచ్చిన కూలీల శిబిరంలో డొరొతియా లాంగ్ ఒక తల్లినీ పిల్లల్నీ ఫొటో తీసింది. మంచుకి పంట పోయింది, కోతల్లేవు. చుట్టూ చేలల్లో మంచుకి గడ్డకట్టిన కూరగాయలు, పిల్లలు కొట్టుకొచ్చిన పిట్టలు, ఇవే తిండి అని లాంగ్ రాసింది. ఫొటో ఫొటోకీ ఆమె దగ్గరికి జరిగింది. దగ్గరయ్యేకొద్దీ గుడారం పోయింది, చేను పోయింది, చివరికి ముఖం మిగిలింది. ఆ తల్లి చెరోకీ ఆదివాసి అనీ, పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనీ లోకానికి తెలిసేసరికి 1978 వచ్చింది. ఫొటో పత్రికలో పడ్డాక శిబిరానికి తిండి సాయం వచ్చింది గానీ అప్పటికే ఆ కుటుంబం వెళ్లిపోయింది.

ఈ రెండు ఫొటోల్నీ పక్కపక్కన పెట్టి చూడమంటాం. ఒకదాంట్లో కాయ ఉంది, కోసిన మనిషి లేదు. ఇంకోదాంట్లో మనిషి ఉంది, కోసే పంట లేదు. జాలి చూపుకీ అందపు చూపుకీ ఒక పోలిక ఉంది. మనిషికీ ఆమె పనికీ మధ్య ఉన్న సంబంధాన్ని రెండూ ఫ్రేము బయటే వదిలేశాయి.

ఇదేదో అమెరికా గొడవ అనుకోనక్కర్లేదు. వెస్టన్ క్యాప్సికమూ మన గుంటూరు మిరపా ఒకే జాతి మొక్కలు. రెండిటి పుట్టిల్లూ అమెరికా ఖండమే. పోర్చుగీసు ఓడలెక్కి మిరప ఇక్కడికొచ్చింది. ఇవాళ ఎర్రటి మిరపకాయ క్లోజప్ లేని మసాలా ప్రకటన ఉండదు. ప్రకటనల్లో కాయ మీద మెరిసే చుక్క చాలాసార్లు మంచు కాదు, గ్లిజరిన్. కర్నూలు పల్లెలనుంచి గుంటూరు చేలకి కోతలకి వలసపోయే ఆడవాళ్లని అడిగి చూడండి, కాయ ‘క్లోజప్’ అంటే ఏందో చెప్తారు. పొద్దంతా కోశాక చేతులు మండుతాయి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోలేరు, చంటిబిడ్డని ముట్టుకోలేరు. కాయకి వాళ్లంత దగ్గరగా పోయిన కెమెరా లేదు.

మొన్నామధ్య మేము కొందరు విద్యార్థులతో కూచుని, ఇంట్లో రోజూ తినే వస్తువుని ఫోనుతో దగ్గరగా ఫొటో తీసుకు రమ్మన్నాం. చింతపండు పీచు, సంకటి ముద్ద మీద వేళ్ల గుర్తులు, పాల మీగడ వచ్చాయి. ఒక అమ్మాయి దండెం మీద ఆరేసిన తునకలు తెచ్చింది. ఎండ వెనకనుంచి పడి, ఎర్రటి పొరల్లోంచి వెలుగు కనపడుతోంది. అన్నిట్లోకీ మంచి ఫొటో అదే. అదేమిటో తెలియకముందు అందరూ బాగుందన్నారు. తెలిశాక మౌనం. కాలేజీ గోడ మీద పెట్టేటప్పుడు ‘ఎందుకమ్మా గొడవ’ అని దాన్నొక్కదాన్నే పక్కన పెట్టారు.

వెలుగు మారలేదు, వంపు మారలేదు, పేరు తెలిసింది, అంతే. రూపం పవిత్రమైంది, కులానికి అతీతమైంది అనే వాదన ఆ గోడ దగ్గరే కూలిపోయింది. గొడ్డుమాంసం తినడం అంటరానితనానికి ఎట్లా మూలమైందో అంబేద్కర్ 1948లోనే ‘ది అన్‌టచబుల్స్’లో వాదించారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే దాడులు జరిగాయి. పుణెకి చెందిన కళాకారిణి రాజ్యశ్రీ గూడీ దళిత రచనల్లోని తిండి ప్రస్తావనల్ని వంట విధానాలుగా మార్చి రాస్తున్నారు. మన తిండిని మన మాటల్లో చూపడం మొదలయింది.

కాబట్టి క్లోజప్‌ని వదిలేయమని మేము అనం. దగ్గరగా చూడటం మనకీ కావాలి. తునకకీ, బోటికీ, గంజి మీద కట్టిన పొరకీ నిమిషాల తరబడి వెలుగు దక్కాలి. కాకపోతే ఫొటో కింద నాలుగు మాటలుండాలి: ఇదేంటి, ఎవరు పండించారు, ఎవరు వండారు, ఎవరు తినొద్దన్నారు. ఆ అమ్మాయి తన ఫొటో కింద ఇప్పుడు ఒక వాక్యం రాసుకుంది: ‘మా అమ్మ కోసి ఆరేసిన తునకలు, గోడ మీద పెట్టనివ్వలేదు’. ఆ ఫొటోని ఆ వాక్యంతో సహా పెట్టే గోడ కోసం వెతుకుతున్నాం.