ఫైలు పేరూ, ఫైలు స్వభావమూ

ఆత్రేయపురం పేరు చెప్పగానే ఎవరికైనా పూతరేకులు జ్ఞప్తికి వస్తవి. ఈ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో తయారైన వాటికే ఆ పేరు చెల్లుతుందని దాని భావం. పెట్టెమీద అంటించిన చీటీ వేరు, పెట్టెలోని వస్తువు వేరు అన్న సామాన్య సత్యమే ఈ చట్టానికి పునాది. చీటీని ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చును. బోర్లించిన కుండమీద పలుచని బియ్యపుపిండి పూతను తీసిన రేకు ఎలా ఉంటుందో ఎరిగినవారు చీటీ చదివి ఊరుకోరు. మూత తీసి చూస్తారు.

అదే ఊరి విద్యార్థి ఉద్యోగానికో, ప్రవేశపరీక్షకో ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడు అవతలనున్న యంత్రం మాత్రం చాలాసార్లు చీటీ చదివి తీర్పు చెబుతుంది. పూతరేకులు చేసి అమ్ముకొనే గృహిణి ఆహార భద్రతా సంస్థ వద్ద పేరు నమోదు చేసుకోబోయినా ఇదే అనుభవం. "జేపీజీ ఫైలు మాత్రమే ఎక్కించవలెను" అన్న నిబంధన నేడు అనేక దరఖాస్తులలో కనబడుతున్నది. ఈ నిబంధన ఉండవలసినదే. అయితే దానిని అమలు జరిపే తీరు శాస్త్రసమ్మతంగా ఉన్నదా అన్నది విచారించవలసిన విషయం.

మొదట నిబంధన ఎందుకు పుట్టిందో చూడవలెను. దరఖాస్తులను స్వీకరించే కంప్యూటరును సర్వరు అంటారు. దానికి ఎవరైనా ఏ ఫైలునైనా పంపగలిగితే కొందరు ఫోటోకు బదులు ప్రోగ్రామునే పంపుతారు. ఆ ప్రోగ్రాము అక్కడ నడిస్తే లక్షలమంది వివరాలు పరుల పాలవుతవి. కంప్యూటరు లోపాలకు వరుస సంఖ్యలు ఇచ్చి పెట్టిన అంతర్జాతీయ పట్టికలో దీనికి 434వ సంఖ్య ప్రత్యేకంగా కేటాయించి ఉన్నది. పైకి సాధువుగా కనబడే ఫైళ్ళలోను అపాయం ఉండవచ్చును. 1999 మార్చిలో ప్రపంచమంతటా కార్యాలయాల ఈమెయిళ్ళను స్తంభింపజేసిన 'మెలిస్సా' వైరస్ సామాన్యమైన వర్డ్ పత్రంలో దాగి వచ్చింది. కనుక ఫలానా రకాలు తప్ప మరేవీ తీసుకోమని కార్యాలయాలు గిరి గీయడంలో తప్పేమీ లేదు.

చిక్కంతా ఆ రకాన్ని గుర్తుపట్టడంలో ఉన్నది. ఫైలు పేరులో చుక్క తరువాత వచ్చే మూడు నాలుగు అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు. తెలుగులో తోక అంటే చాలును. ఈ తోక ఫైలులో భాగం కాదు, దానికి పెట్టిన పేరులో భాగం. పేరు మార్చడానికి ఒక నిమిషం పట్టదు. తేలికగా తయారుచేసిన దరఖాస్తు పుటలు ఈ తోకను చూచి ఊరుకుంటవి. మరికొన్ని పుటలు బ్రౌజరు చెప్పే రకాన్ని నమ్ముతవి. కాని బ్రౌజరు కూడా చాలావరకు తోకను చూచే ఆ మాట చెబుతుంది. అడిగినవాడూ, చెప్పినవాడూ ఒకే చీటీని చదివారన్నమాట!

ఫైలు అసలు స్వభావం దాని లోపల ఉంటుంది. ఏ ఫైలైనా 0 మొదలు 255 వరకు గల సంఖ్యల వరుస. ఒక్కొక్క సంఖ్యను బైటు అంటారు. జేపెగ్ చిత్రమైతే మొదటి మూడు బైట్లు 255, 216, 255. పీఎన్‌జీ చిత్రం 137, 80, 78, 71తో ఆరంభమౌతుంది. పీడీఎఫ్ పత్రానికి మొదట 37, 80, 68, 70 ఉంటవి. విండోస్‌లో నడిచే ప్రోగ్రాము అయితే 77, 90. ఈ చివరి రెండు సంఖ్యలు ఎం, జెడ్ అనే ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఆ రూపాన్ని కల్పించిన మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని పొడి అక్షరాలు. ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు ఉన్నచోట ఉపాధ్యాయులు దీనిని ప్రయోగంగా చేయించవచ్చును. ఒక ఫోటోను బైట్లు చూపే ప్రోగ్రాములో తెరిచి మొదటి సంఖ్యలు వ్రాసుకొనవలెను. తరువాత దాని తోకను పీడీఎఫ్ అని మార్చి మళ్ళీ తెరవవలెను. ఒక్క సంఖ్య కూడా మారి ఉండదు. ఇటువంటి ప్రోగ్రాములు సాధారణంగా పదహారు మూలంగా గల సంఖ్యామానాన్ని వాడుతవి గనుక 255కు బదులు 'ఎఫ్ఎఫ్' అనీ, 216కు బదులు 'డీ8' అనీ కనబడుతుంది. దానిని దశాంశ మానంలోకి మార్చుకోవడం మంచి గణితాభ్యాసం కూడాను.

తోకను నమ్మడంవల్ల రెండు విధాల నష్టం కలుగుతున్నది. దుష్టుడు లోపలికి పోతాడు, సాధువు గుమ్మంలో ఆగిపోతాడు.

దుష్టుని సంగతికి 2016 మే నెలలో బయటపడిన ఉదంతం చాలును. ఎక్కించిన బొమ్మలను చిన్నవిగా చేయడానికి అనేక వెబ్‌సైట్లు 'ఇమేజ్‌మ్యాజిక్' అనే సాధనాన్ని వాడుతుండేవి. జేపీజీ అని తోక తగిలించిన ఫైలులో చిత్రానికి మారుగా గీతల ఆజ్ఞలు వ్రాసి పంపితే, తోకను చూచిన పుట దానిని లోపలికి వదిలేది. లోపలనున్న సాధనం మాత్రం తోకను లెక్కచేయక లోపలి వ్రాతనే చదివేది. ఆ సాధనంలోని లోపంవల్ల ఆ ఆజ్ఞలు సర్వరును నడిపే ఆజ్ఞలుగా మారేవి. వాకిటిలో నిలిచినవాడు పేరు చూచాడు, ఇంట్లోవాడు మనిషిని చూచాడు. ఇద్దరికీ మధ్యనున్న ఆ తేడాయే దొంగకు దారి అయింది.

ఇక సాధువు సంగతి. ఆపిల్ సంస్థవారి ఐఫోనులు 2017 నుండి ఫోటోలను 'హీక్' అనే కొత్తరూపంలో దాచడం మొదలుపెట్టినవి. నాణ్యత తగ్గకుండా తక్కువ చోటు పట్టడం దీని గుణం. 2020 మేలో, కోవిడ్ కారణంగా అమెరికాలో కాలేజి బోర్డువారు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలను ఇంటివద్దనుండి వ్రాయించారు. విద్యార్థులు సమాధానాలను కాగితంమీద వ్రాసి, ఫోటో తీసి, కొద్ది నిమిషాల గడువులో పంపవలెను. జేపెగ్, పీఎన్‌జీ తప్ప తీసుకోని ఆ ఏర్పాటు వద్ద హీక్ ఫోటోలు తీసినవారి సమాధానాలు నిలిచిపోయినవి. కొందరు తొందరలో తోకను మాత్రం మార్చి పంపారు. తోక మారినంతమాత్రాన హీక్ జేపెగ్ కాదు గదా! వారిలో అనేకులు పరీక్షను మళ్ళీ వ్రాయవలసి వచ్చింది. తరువాతి వారంనుండి సమాధానాలను ఈమెయిలు ద్వారా పంపే వీలు కల్పించారు. సమాధానం వచ్చి ఉండి, చేతివ్రాత స్పష్టంగా ఉండి, కేవలం ఫైలు రూపంవల్ల పరీక్ష పోవడం కంటె విచారకరమేమున్నది? మన దేశంలో గడువు చివరి రాత్రి దరఖాస్తు నింపే అభ్యర్థికి ఈమెయిలు దారి కూడా ఉండదు.

రకంతోపాటు పరిమాణానికీ హద్దులు పెడుతున్నారు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు జరిపే ఐబీపీఎస్ వారు ఫోటో 20 నుండి 50 కిలోబైట్లు, సంతకం 10 నుండి 20 కిలోబైట్లు ఉండవలెనని ఏళ్ళ తరబడి కోరుతున్నారు. పై హద్దు న్యాయమైనదే. లక్షలాది ఫోటోలను దాచే ఖర్చు తక్కువది కాదు. పైగా 50 కిలోబైట్లు చిన్న ఫోటోకు ధారాళంగా సరిపోతవి. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తు గల ఫోటోను అంగుళానికి 200 బిందువుల చొప్పున తీసుకుంటే 276, 354ల లబ్ధం, అనగా 97,704 బిందువులు అవుతవి. బిందువుకు మూడు బైట్ల వంతున 2,93,112 బైట్లు. దీనిని ఆరవ వంతుకు కుదిస్తే హద్దులోకి వస్తుంది, ముఖం చెడదు. కాని నేటి ఫోను ఫోటోలో 4,000 అడ్డానికి, 3,000 నిలువుకు ఉంటే కోటీ ఇరవై లక్షల బిందువులు; 3 కోట్ల 60 లక్షల బైట్లు. బిందువుల సంఖ్య తగ్గించకుండా దీనినే 50 కిలోబైట్లకు పిండితే సుమారు 720వ వంతు చేయవలెను. ముఖం గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. మొదట బిందువులు తగ్గించి తరువాత కుదించవలెనన్న ఒక్క వాక్యం దరఖాస్తు పుటలో తెలుగులో ఉంటే ఎందరి ఫోటోలో బాగుపడును.

ఆ గళ్ళు ఎక్కడివో కూడా తెలిసికొనదగినదే. జేపెగ్ పద్ధతి చిత్రాన్ని 8 అడ్డం, 8 నిలువు బిందువుల గళ్ళుగా విడదీసి, ఒక్కొక్క గడిని కొన్ని కొసైను తరంగాల మొత్తంగా వ్రాస్తుంది. కన్ను అంతగా పట్టించుకోని సన్నని తరంగాలను వదలివేస్తుంది. ఈ గణితాన్ని 1974 జనవరిలో నసీర్ అహమ్మద్, నటరాజన్, కమిశెట్టి రామమోహనరావు గార్లు ఒక పత్రంలో ప్రకటించారు. జేపెగ్ ప్రమాణం 1992లో వెలువడింది. ముఖాలకూ, ప్రకృతి దృశ్యాలకూ ఈ పద్ధతి బాగా పనికివస్తుంది. సంతకానికి మాత్రం అంతగా తగదు. తెల్లకాగితంమీద నల్లగీత అంటే హఠాత్తుగా మారే అంచు. దానిని చూపడానికి సన్నని తరంగాలే ముఖ్యం. వాటిని కోసివేస్తే గీత చుట్టూ మసకలు ఏర్పడుతవి. ఏమీ పోగొట్టని పీఎన్‌జీ రూపం 1996 నుండీ ఉన్నది. సంతకానికి అది మేలు. అయినను సంతకాన్ని కూడా జేపెగ్‌లోనే కోరడం ఆచారమైపోయింది.

కింది హద్దు సంగతి మరీ వింతగా ఉన్నది. తెల్లని గోడముందు చక్కగా తీసిన ఫోటో, శుభ్రమైన కాగితంమీద పెట్టిన సంతకం బాగా కుదించుకొని హద్దుకు దిగువకు పోవచ్చును. అప్పుడు పుట వాటిని తిరస్కరిస్తుంది. మురికి కాగితంమీది సంతకం ఎక్కువ బైట్లు పట్టుతుంది గనుక నెగ్గుతుంది! స్పష్టత కావాలంటే బిందువుల సంఖ్యను అడగవలెను; బైట్ల బరువు స్పష్టతకు కొలత కాదు.

ఇన్ని తిరస్కారాల ఫలితంగా అభ్యర్థి ఏమి చేస్తున్నాడు? ఊళ్ళోని ఇంటర్నెట్ కేంద్రానికి పోయి, పదవ తరగతి పట్టా, ఆధార్ కార్డు, సంతకం అన్నీ అక్కడి కంప్యూటరులో వదలి వస్తున్నాడు. లేదా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఫైళ్ళు మార్చిపెట్టే ఏదో వెబ్‌సైటుకు వాటిని ఎక్కిస్తున్నాడు. అటువంటి వెబ్‌సైట్లలో కొన్ని, మార్చిన ఫైలుతోపాటు హానికరమైన ప్రోగ్రామును అంటగడుతున్నవనీ, ఎక్కించిన పత్రాలలోని సొంత వివరాలను కాజేస్తున్నవనీ 2025 మార్చిలో అమెరికాలోని ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం హెచ్చరించింది. కార్యాలయం తన రక్షణకోసం పెట్టుకున్న నిబంధన ఆ అపాయాన్ని తెచ్చి దరఖాస్తుదారుని నెత్తిన పెడుతున్నదన్నమాట. ఈ నిబంధనపై చెప్పదగిన ముఖ్యమైన ఆక్షేపణ ఇదే. ఫైలు రూపం మార్చడం ప్రోగ్రాముకు క్షణంలో పని. దానిని నిపుణులున్న కార్యాలయం ఒక్కచోట చేయక, ఏమీ తెలియని లక్షలమంది చేత లక్ష చోట్ల చేయించడం ఏమి పొదుపు?

సక్రమమైన పద్ధతి తెలియనిదేమీ కాదు. వెబ్ భద్రతకై పనిచేసే 'ఓవాస్ప్' సంస్థ సూచనలలో ఇది వివరంగా ఉన్నది. తోకను చూడవచ్చును గాని దానితో ఆగకూడదు. మొదటి బైట్లను చదవవలెను. అదీ చాలదు, మొదట 255, 216, 255 ఉంచి, వెనుక ఆజ్ఞలు దాచిన ఫైళ్ళు కూడా ఉన్నవి. కనుక వచ్చిన చిత్రాన్ని పూర్తిగా విప్పి, బిందువులను మాత్రం తీసుకొని, సర్వరే కొత్తగా జేపెగ్‌ను తయారుచేయవలెను. దాగిన ఆజ్ఞలు చాలావరకు ఈ దశలోనే రాలిపోతవి. విప్పే పనిని ప్రధాన సర్వరుకు దూరంగా, విడిగా కట్టిన గదివంటి చోట జరపవలెను. ఇమేజ్‌మ్యాజిక్ ఉదంతం నేర్పినది అదే. ఎక్కించిన ఫైలుకు దరఖాస్తుదారుడు పెట్టిన పేరు తీసివేసి వేరొక పేరు పెట్టడం కూడా ఈ సూచనలలోనిదే. ఇంత పని ఎలాగూ చేయవలసి ఉన్నప్పుడు హీక్ వస్తేనేమి, పీఎన్‌జీ వస్తేనేమి? అన్నిటినీ తీసుకొని తనకు కావలసిన రూపంలోకి, కావలసిన పరిమాణానికి మార్చుకొనడానికి అదనంగా పట్టే శ్రమ స్వల్పం.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్‌వారు 2024 నుండి ఫోటో ఎక్కించే పద్ధతి మాని, దరఖాస్తు నింపే సమయంలోనే కెమెరాతో ఫోటో తీసే ఏర్పాటు చేశారు. ఫోటో విషయంలో తోక గొడవ దీనితో తీరింది. సంతకానికి మాత్రం ఫైలు తప్పలేదు. పైగా కెమెరా బాగులేని ఫోనూ, చీకటి గదీ కొత్త ఆటంకాలు. ఇది మంచి ప్రయత్నమే గాని పత్రాలు ఎక్కించవలసిన దరఖాస్తులకు పనికిరాదు.

ఈ మార్పులన్నీ జరిగేలోపల ఖర్చు లేకుండా చేయదగినది ఒకటి ఉన్నది. నేడు ఫైలు తిరస్కరించబడితే తరచు కనబడేది 'ఇన్‌వాలిడ్ ఫైల్' అన్న రెండు ఇంగ్లీషు మాటలు. తోక నచ్చలేదా, పరిమాణం ఎక్కువైనదా, తక్కువైనదా, పేరులో ఖాళీ ఉండటం తప్పా, చెప్పరు. "మీ ఫైలు హీక్ రూపంలో ఉన్నది, జేపెగ్ కావలెను" అనో, "మీ ఫోటో 64 కిలోబైట్లు, 50కి మించరాదు" అనో యంత్రం తెలుగులో చెప్పగలదు. తిరస్కరించడానికి కారణం దానికి తెలిసే ఉన్నది.