నలభై ఒకటి దగ్గర

మే నెలలో కర్నూలు జిల్లా కోడుమూరులో ఎండ 41 డిగ్రీలు దాటిందంటే అదేం వార్త కాదు. ఊపిరితిత్తుల గాలి అరలకు లోపల పూతగా ఉండే డీపీపీసీ అనే కొవ్వుకు మాత్రం ఆ అంకె పెద్ద గీత. శుద్ధమైన డీపీపీసీని నీటిలో కలిపితే దాని అణువులు తోకలు లోపలికి పెట్టుకుని రెండు వరసల పొరలు కడతాయి. గీతకు ఇవతల ఆ తోకలు బిగుసుకుని ఉంటాయి. అవతల మెలికలు తిరిగి సడలిపోతాయి.

కంటికి ఇదేమీ ఆనదు. వేడి లెక్కలోనే దొరుకుతుంది.

ఆ లెక్క తీసే యంత్రం డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్. ఒక గదిలో కొవ్వు కలిపిన ద్రావణం, పక్క గదిలో ఉత్త ద్రావణం పోసి రెండింటినీ ఒకే వేగంతో వేడి చేస్తారు. తోకలు సడలే చోట కొవ్వున్న గది ఎక్కువ వేడి తాగుతుంది. ఆ తేడా గ్రాఫులో శిఖరమై లేస్తుంది. శిఖరం కింది వైశాల్యమే సడలడానికి పట్టిన మొత్తం వేడి. డీపీపీసీకి అది మోలుకు 35 కిలోజౌళ్ల చుట్టుపక్కల.

పనితనమంతా నిదానంలో ఉంది. నిమిషానికి పదేసి డిగ్రీలు తరిమితే శిఖరం పైకి జరిగి లావెక్కుతుంది. ద్రావణంలోని గాలిని ముందే తీసేయకపోతే వేడికి పుట్టిన బుడగలు లేని శిఖరాలు చూపిస్తాయి. ఈ కాలమ్ రాసేవాడు మొదట చూసేది మాత్రం శిఖరం నడుమునే. శుద్ధమైన కొవ్వుకు అది సన్నం. కొలెస్టరాల్ కలిపేకొద్దీ వెడల్పై, సగానికి సగం చేరేసరికి శిఖరమే దాదాపు మాయమవుతుంది. గడ్డకట్టిన నెయ్యి ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా కరగడం కూడా కలగలుపు కొవ్వుల గుణమే. ఊపిరితిత్తుల్లోనూ డీపీపీసీ ఒంటరిగా లేదు. ఉండి ఉంటే 37 డిగ్రీల ఒంట్లో బిగుసుకునే ఉండేది.

ఇదే యంత్రానికి చిక్కిన ఇంకో కొవ్వు పశువుల దాణాలోనూ ఉంది. కర్నూలు పల్లెల్లో బుడ్డలు, అంటే వేరుశనగలు, గానుగాడించాక మిగిలిన చెక్క పశువులకు పోతుంది. 1957లో అమెరికా పరిశోధకులు వేరుశనగ చెక్క నుంచీ, గుడ్డు పచ్చసొన నుంచీ, సోయా లెసిథిన్ నుంచీ వాపును తగ్గించే ఒక కొవ్వును వేరుచేశారు. దాని పేరు పామిటాయిల్‌ఇథనొలమైడ్. ఆ కుటుంబంలోని సరిసంఖ్య కార్బన్ల కొవ్వులను హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎం.జె. స్వామి బృందం ఇదే పద్ధతిలో కొలిచి 1997లో ప్రచురించింది. తోక పొడుగయ్యేకొద్దీ అవి కరిగే ఉష్ణోగ్రతా పెరిగింది. ప్రతిదాన్నీ పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి కొలిచారు. తడిపినవి పొడివాటికన్నా తక్కువ ఉష్ణోగ్రతకే సడలాయి.