అమ్మకి అర్థమయ్యేలా

ఆ రెండు రోజుల వర్క్‌షాప్‌కి నన్ను పిలిచింది తెలుగు కోసం. సైన్సు విభాగాల్లో పిహెచ్.డి. చేస్తున్న పిల్లలకి తమ పరిశోధనని మామూలు జనానికి చెప్పడం నేర్పిస్తున్నాం, చివరి పూట మాతృభాషలో చెప్పిస్తాం, మీరొచ్చి కాస్త భాష దిద్దితే చాలు అన్నారు. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అనవసరం. ఇప్పుడు ఇలాంటివి చాలాచోట్ల జరుగుతున్నాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కూడా 2018లో 'అవ్‌సర్' అనే పథకం పెట్టి, పరిశోధక విద్యార్థులు తమ పని గురించి జనరంజకంగా రాస్తే బహుమతులు ఇచ్చింది. మంచిదే. తన అయిదేళ్ళ పని గురించి ఇంటికెళ్ళి నాలుగు ముక్కలు చెప్పలేని చదువుని మనమెవరం సమర్థించం.

నా వంతు చివర్లో అయినా రెండు రోజులూ వెనక వరసలో కూర్చుని విన్నాను. శిక్షణ ఇచ్చినాయన చురుకైన మనిషి. మూడు నిమిషాలు, ఒక్క స్లైడు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2008లో మొదలుపెట్టిన పోటీ పద్ధతి అది. మధ్యలో ఒక నాటకం ఆట కూడా ఆడించాడు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి కదలికల్ని ఇంకొకరు అద్దంలా అనుసరించాలి. అమెరికాలో నటుడు ఆలన్ ఆల్డా పూనుకోగా స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయంలో 2009లో ఏర్పడిన కేంద్రం ఇలాంటి అభ్యాసాలకి పేరు పడింది. నిజానికి ఆ రెండు రోజుల్లో నాకు బాగా నచ్చింది ఆ ఆటే. ఎదుటి మనిషిని కళ్ళార్పకుండా చూస్తే తప్ప అది ఆడలేం. పది నిమిషాల్లో దాన్ని ముగించేసి మళ్ళీ స్లైడుల్లోకి వెళ్ళిపోయారు.

బోర్డు మీద రాసిన సూత్రాలు ఇవీ: పరిభాష వద్దు. చిన్న వాక్యాలు. తెలిసిన వస్తువుతో పోలిక. మొదట్లో గాలంలా లాగే ఒక మనిషి కథ. అన్నిటికంటే ముఖ్యం, "మీ అమ్మకి, అమ్మమ్మకి అర్థమయ్యేలా చెప్పండి."

ఎప్పుడూ అమ్మమ్మే ఎందుకు? తాతయ్యకి అర్థమయ్యేలా అని ఎవరూ అనరు. తాతయ్యకి బాక్టీరియా గురించీ జన్యువుల గురించీ పుట్టుకతోనే తెలుసేమో! తెలియనితనాన్ని కొలవాల్సి వచ్చినప్పుడల్లా కొలతబద్దగా ఒక ముసలామెని నిలబెట్టడం ఎంత అలవాటయిపోయిందంటే, ఆ హాల్లో సగానికి పైగా ఉన్న ఆడపిల్లలు కూడా నవ్వుతూ రాసుకున్నారు. అమ్మమ్మలకి అన్నీ తెలుసని నేను వాదించబోవడం లేదు. ఆ మాట కూడా వాళ్ళని ఇంకో రకంగా తప్పించుకోవడమే. నా అభ్యంతరం వేరు. ఆ వాక్యంలో అమ్మమ్మ చేసేది ఒక్కటే పని, అర్థం చేసుకోవడం. ఆమె అడగదు. కాదనదు. లేచి వెళ్ళిపోదు.

చివరి పూట ఒకమ్మాయి వంతు వచ్చింది. ఎలుకల్లో అండాశయాలు తీసేస్తే ఎముకలు ఎలా గుల్లబారతాయన్నది ఆమె పరిశోధన. ఇంగ్లీషులో బ్రహ్మాండంగా చెప్పింది. అండాశయాలు పోతే ఈస్ట్రోజెన్ పడిపోతుంది, ఎముకలో కట్టే పనికంటే కూల్చే పని ఎక్కువవుతుంది. ఇల్లూ మేస్త్రీలూ అంటూ పోలిక కూడా బాగా కుదిరింది. 'ఆస్టియోపొరోసిస్'కి తెలుగులో 'బోలు ఎముకల వ్యాధి' అంటారని నేను అందించాను. (ఆ మాట కట్టినవాళ్ళెవరో గానీ దణ్ణం పెట్టాలి. మన పాఠ్యపుస్తకాల తెలుగులో ఇలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.) ఇప్పుడు మీ అమ్మకి చెప్తున్నట్టు తెలుగులో చెప్పమ్మా అన్నాను. ఆమె ఆగిపోయింది. కాసేపటికి అంది:

"మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పడం డాక్టరుగారికి బాగా వచ్చు మేడమ్. ఒక్క వాక్యంలో చెప్పాడు. సంచిలో పుండు ఉందమ్మా, తీయించకపోతే క్యాన్సరవుద్ది అని. ఆ వారంలోనే తీయించుకుంది. అప్పటికి అమ్మకి ముప్పై రెండేళ్ళు."

తెల్లబట్ట, నడుం నొప్పి అని వెళ్ళిందట ఆవిడ. ఊరి పక్క పట్నంలో చిన్న నర్సింగ్‌హోమ్. ఆ వాక్యాన్ని బోర్డు మీద సూత్రాల పక్కన పెట్టి చూడండి. పరిభాష లేదు. అయిదారు మాటలు. పుండు, అందరికీ తెలిసిన వస్తువు. భయం, దానికంటే గట్టి గాలం ఏముంది? పరీక్షకి పెడితే నూటికి నూరు మార్కులొచ్చే సైన్స్ కమ్యూనికేషన్ అది. గర్భసంచి మూతి దగ్గర కనిపించే ఎరుపంతా క్యాన్సర్‌కి దారితీయదనీ, చాలావాటికి మందులు సరిపోతాయనీ, కొన్నిటికి అవీ అక్కర్లేదనీ చెప్పాలంటే ఇంకా చాలా వాక్యాలు కావాలి. అవి అంత సూటిగా ఉండవు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదని మనకందరికీ తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తంమీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఈ అంకెల వెనక పేదరికం ఉంది, బీమా డబ్బులున్నాయి, ముట్టు రోజుల్లో పనికి పోలేని కూలి బతుకుంది. వాటితో పాటు బాగా అర్థమైన ఒక వాక్యం కూడా ఉంది.

పరిశోధకులకి మాట్లాడ్డం నేర్పాలన్న ఆలోచనకి ఒక చరిత్ర ఉంది. 1985లో లండన్ రాయల్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. జనానికి సైన్సు అర్థం కావాలి, జనంతో మాట్లాడటం శాస్త్రవేత్తల బాధ్యత అని. అప్పటిదాకా ఆ పని చిన్నతనంగా చూసిన శాస్త్రవేత్తలకి అది పెద్ద కుదుపే. కానీ దాని కింద ఒక నమ్మకం ఉంది: జనం దగ్గర ఉన్నది ఖాళీ, దాన్ని నింపితే వాళ్ళు మనల్ని నమ్ముతారు. పిచ్చి ఆవుల జబ్బుతో మనుషులకి ప్రమాదం లేదని ఏళ్ళతరబడి ధీమాగా చెప్పి, 1996లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ మాట మింగాల్సి వచ్చింది. 2000 నాటికి అక్కడి ఎగువసభ కమిటీయే, సమస్య అజ్ఞానం కాదు, నమ్మకం పోవడం, ఇకమీదట సంభాషణ కావాలి అని రాసింది.

ఆ 1985లోనే మన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 'నెట్-ఎన్' అనే గర్భనిరోధక ఇంజక్షన్ ఇవ్వడానికి ఆడవాళ్ళని పోగుచేశారు. అది ఇంకా ప్రయోగంలో ఉందన్న సంగతి వాళ్ళకి చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి, ఇది పరీక్ష, దీంతో ఈ ఇబ్బందులు రావచ్చు అని విడమరిచి చెప్తే చాలామంది లేచి వెళ్ళిపోయారు. 1986లో స్త్రీశక్తి సంఘటన, సహేలీ, చింగారీ కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. అర్థం కావడమంటే ఒప్పుకోవడమే అని లండన్‌లో అనుకుంటున్న ఏడాదే, అర్థమైతే లేచి వెళ్ళిపోవడం కూడా ఉంటుందని పటాన్‌చెరు ఆడవాళ్ళు చూపించారు. సైన్స్ కమ్యూనికేషన్ చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండో సంగతి ఎక్కడ రాస్తారో చూడాలని ఉంది.

పాతికేళ్ళు తిరక్కుండానే ఖమ్మం. 2009 జులైలో 'పాత్' అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. అందులో ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లలు చాలామంది. గొడవై 2010 ఏప్రిల్లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది: 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పిల్లలకి గానీ తల్లులకి గానీ అర్థమయ్యేలా చెప్పాల్సిన అవసరమే రాలేదు, సంతకం పక్క గదిలో దొరుకుతోంది కనక. ఆ రోజుల్లో పిల్లలు కొందరు చనిపోయారు. టీకా వల్ల కాదని విచారణ తేల్చింది. టీకా పనిచేస్తుందనడానికి ఇప్పుడు గట్టి ఆధారాలే ఉన్నాయి. మన ఆడపిల్లలకి అది అందాలనే నేను కోరుకుంటాను. అందుకే ఆ వార్డెన్ల సంతకాలంటే నాకింత కోపం. వాటి వల్ల పుట్టిన అపనమ్మకానికి మూల్యం చెల్లించేది సంస్థలు కావు, ఆ పిల్లలే, వాళ్ళ చెల్లెళ్ళే.

ఇక్కడ మన తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఈ టీకా గురించి రాసేటప్పుడు మన పత్రికలు 'గర్భాశయ క్యాన్సర్' అని రాసేస్తుంటాయి. నేనూ రాశాను. అది గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్, గర్భసంచికి వచ్చేది వేరు. దేహం గురించి అన్ని కవితలు రాసిన మనం, సంచికీ మూతికీ అండాశయానికీ తేడా తెలిసేలా ఎన్ని పేజీలు రాశాం? 'సంచిలో పుండు' అన్న మాట అంత తేలిగ్గా చెల్లుబాటు కావడంలో ఈ అలసత్వానికి వాటా లేదనగలమా?

రాసినవాళ్ళు లేకపోలేదు. స్త్రీశక్తి సంఘటన 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' మనలో చాలామంది అలమారల్లో ఉంది. బోస్టన్ ఆడవాళ్ళ 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' స్ఫూర్తితో వచ్చినా అనువాదం కాదది. ఆ పేరు చూడండి. 'నీకన్నీ సవాలక్ష సందేహాలు' అన్నది మన ఇళ్ళల్లో ఎక్కువ ప్రశ్నలేసే ఆడపిల్ల మీద పడే విసుగు. ఆ విసుగునే తీసుకుని అట్ట మీద పెట్టారు. అది చెప్పేవాళ్ళ పుస్తకం కాదు, అడిగేవాళ్ళ పుస్తకమని పేరులోనే తెలిసిపోతుంది. ఆ బృందంలో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త వీణా శత్రుఘ్న ఉన్నారు. పేద స్త్రీల ఎముకల మీద ఆవిడ చేసిన పరిశోధన తెలిసినవాళ్ళకి తెలుసు. శాస్త్రవేత్త జనం దగ్గరికి వెళ్ళి తన పరిశోధన చెప్పి రావడం ఒకటి. జనం ప్రశ్న శాస్త్రవేత్త పరిశోధనలోకి రావడం ఇంకొకటి. మన వర్క్‌షాపులు మొదటిదే నేర్పుతున్నాయి.

ఆ అమ్మాయి దగ్గరికొస్తాను. ఆమె మాట విని హాలంతా నిశ్శబ్దమైపోయింది. శిక్షకుడు ముందుగా తేరుకున్నాడు. చాలా కదిలించే కథ, దీంతోనే మొదలుపెట్టు, ఫైనల్స్‌లో ఎవరూ నిన్ను ఓడించలేరు అన్నాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి కూర్చుంది.

రెండు నెలల తర్వాత నా గదికి వచ్చింది. ఇంటికెళ్ళి, తను ల్యాబ్‌లో ఏం చేస్తుందో అమ్మకి చెప్పిందట. ఎలుకలకి అండాశయాలు తీస్తామని చెప్పగానే ఆవిడ చేస్తున్న పని ఆపి, "నాకు తీసింది సంచొక్కటేనా, అవి కూడానా?" అని అడిగిందట. పదిహేడేళ్ళలో మొదటిసారి. డిశ్చార్జి కాయితం వెతికితే దొరకలేదు. నర్సింగ్‌హోమ్ మూసేశారు. పరీక్షలు చేయిస్తే తేలొచ్చు, నలభై తొమ్మిదేళ్ళ మనిషికి వాటిని బట్టి ఇప్పుడు ఏం చెప్పగలరో చూడాలి. అవి ఉంచినా కొందరికి ముట్లు ఆగే వయసు ముందుకు జరుగుతుందట, ఆ సంగతీ ఆ పిల్లే చెప్పింది.

తెలుగులో ఒక పేజీ రాసుకొచ్చింది, దిద్దమని. ఆ ప్రశ్నతోనే మొదలైంది. దిద్దడానికి పెద్దగా ఏమీ లేదు, రెండు ఒత్తులు సరిచేశాను. దీన్ని థీసిస్‌లో ఎక్కడైనా పెట్టొచ్చా అని గైడుని అడిగిందట. అనుబంధంలో పెట్టుకో, ఎవరూ చూడరులే అన్నాడట ఆయన.