పదవిశిష్టత - ఔచిత్యము : ఒక పరిశోధన వ్యాసముపై పరామర్శ

ఒక పదము మరియొక పదముకంటె విశిష్టమైనదని చెప్పునపుడు మనము సాధారణముగా దాని యర్థమును దృష్టియందుంచుకొందుము. 'పుష్పము' కంటె 'మల్లె' విశిష్టము. 'మల్లె' కంటె 'బొండుమల్లె' విశిష్టము. ఒకదాని యర్థపరిధి వేరొకదానిలో నిమిడియున్నది గావున ఈ తారతమ్యమును నిఘంటువును జూచి నిర్ణయింపవచ్చునని మన విశ్వాసము. 1972వ సంవత్సరమున కేంబ్రిడ్జి పరిశోధకురాలు కరెన్ స్పార్క్ జోన్స్ 'జర్నల్ ఆఫ్ డాక్యుమెంటేషన్' అను పత్రికలో ప్రకటించిన వ్యాసమొకటి ఈ విశ్వాసమునకు వేరొక దృష్టిని ఎదురునిలిపినది. పదవిశిష్టతను అర్థమును బట్టిగాక ప్రయోగమును బట్టి, అనగా ఒక గ్రంథసంచయమున నెన్ని పత్రములందా పదము కానవచ్చుచున్నదో ఆ సంఖ్యను బట్టి, నిర్ణయింపవలెనని ఆమె ప్రతిపాదించినది. పదునైదు పుటలకు మించని ఆ వ్యాసము తరువాతి సమాచారోద్ధరణ శాస్త్రమునకు మూలస్తంభములలో నొకటియైనది. దీని ప్రధానవిషయము పదము. కావున భాషాసాహిత్యముల నభ్యసించువారు దీనిని యంత్రశాస్త్రజ్ఞుల సొత్తని విడిచిపెట్టుట తగదు. దీని బలమెట్టిదో, ఆ బలమునకు హద్దెక్కడనో విచారించుటయే ప్రస్తుతోద్దేశము.

వ్యాసమును గ్రహించుటకు ముందు దాని పూర్వరంగమును కొంత తెలియవలెను. 'సమాచారోద్ధరణము' అను భావమునకు ఆంగ్లమున నేడు ప్రసిద్ధమైన పేరును 1950లో కాల్విన్ మూయర్స్ పెట్టెను. 1958లో ఐ.బి.యం. సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ గణనయంత్రముచే వ్యాసముల సంగ్రహములను తయారుచేయించు పద్ధతి నొకదానిని ప్రకటించెను. ఒక రచనయందు మిక్కిలి తరచుగ వచ్చు పదములు సర్వసామాన్యములు గావున పనికిరావనియు, మిక్కిలి అరుదుగ వచ్చునవి ఆకస్మికములు గావున పనికిరావనియు, నడుమనున్నవే విషయబోధకములనియు ఆయన తలంచెను. 1960లో మేరన్, కూన్స్ అను నిరువురు, పత్రము కోరికకు సరిపడును లేక సరిపడదు అను రెండే తెగలుగాక, సరిపడు సంభావ్యతను బట్టి పత్రములను వరుసగా పేర్చవలెనని వాదించిరి. నేటి అన్వేషణ యంత్రములు ఫలితములను ఒకటి, రెండు, మూడని క్రమములో చూపుటకు బీజమచ్చటనే కలదు.

ఈ సిద్ధాంతములను ప్రయోగముచే పరీక్షించు సంప్రదాయమునకు ఇంగ్లండునందలి క్రాన్‌ఫీల్డు వైమానిక కళాశాల గ్రంథపాలకుడు సిరిల్ క్లెవర్డన్ మార్గదర్శకుడు. 1962లో ప్రకటితమైన ఆయన మొదటి పరీక్షలో 18,000 పత్రములకు నాలుగు విధముల సూచికలు నిర్మింపబడెను. వానిలో నొకటి ముఖవర్గీకరణము. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగ నుండి 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించిన రంగనాథన్ ఆలోచనాసరణికి చెందినదే ఇది. నాలుగు పద్ధతుల ఫలితములును దాదాపు సమానముగనే వచ్చెను. మిగుల శ్రమకోర్చి నిర్మించిన వర్గీకరణములు విడిపదముల సూచికను మించలేదు. 1966 నాటి రెండవ పరీక్ష 1,400 పత్రములపై జరిగెను. అందును రచయితలు స్వయముగ వాడిన విడిపదములే, పండితులు నియమించిన పారిభాషికపదములకంటె మెరుగుగ పనిచేసినవని తేలెను. వర్గీకరణ పండితులకిది మ్రింగుడుపడని ఫలితము. ఈ పరీక్షలకు కొలతలు రెండు: కావలసిన పత్రములలో నెన్ని దొరకినవి యనునది సాకల్యము, దొరకినవానిలో నెన్ని కావలసినవి యనునది శుద్ధి. ఒకటి పెరిగినచో వేరొకటి తరుగుట సామాన్యముగ కానవచ్చుచుండెను.

స్పార్క్ జోన్స్ ఈ రంగమునకు భాషాద్వారముననే వచ్చినది. మార్గరెట్ మాస్టర్‌మన్ నడపిన కేంబ్రిడ్జి భాషాపరిశోధన కేంద్రమున ఆమె పనిచేసినది. 1964 నాటి ఆమె సిద్ధాంతవ్యాసము పర్యాయపదములను గూర్చినది. మాస్టర్‌మన్ విట్గెన్‌స్టైన్‌కు శిష్యురాలు. పదార్థమును ప్రయోగమునందు వెదకవలెనను ఆ తత్త్వవేత్త మతమునకును, విశిష్టతను ప్రయోగసంఖ్యయందు వెదకిన ఈ వ్యాసమునకును పోలిక కానవచ్చుచున్నది. పోలికను చూపి ప్రభావమును స్థాపించితిమనుట సాహసము. కాని పర్యాయపదముల వర్గీకరణమునకు చిరకాలము శ్రమించిన పరిశోధకురాలే అర్థమును విడిచి గణనము నాశ్రయించుట గమనింపదగినది.

ఆమె వాదక్రమమును చూతము. 'పానీయము' అను పదము సామాన్యము, 'తేయాకు' అను పదము విశేషము అని నిఘంటువు చెప్పును. కాని ఒక సంచయమున పత్రములన్నియు తేయాకును గూర్చినవే యైనచో ఆ పదము ఏ పత్రమును మరియొక పత్రమునుండి వేరుచేయజాలదు. అర్థముచే విశేషమైనను అది అచ్చట వ్యవహారముచే సామాన్యము. కావున సూచికాపదమునకు అర్థవిశిష్టత కంటె వివేచనశక్తి ప్రధానము. ఆ శక్తి పత్రసంఖ్య పెరిగిన కొలది తగ్గును.

లెక్క సులభము. ఒకటిని ఎన్నిమారులు రెట్టింపు చేసినచో ఒక సంఖ్యను అందుకొందుమో, దానిని ఆ సంఖ్యయొక్క మానము అందము. సంచయమందలి మొత్తము పత్రముల మానమునుండి, పదము గల పత్రముల మానమును తీసివేసి ఒకటి కలిపిన వచ్చునదే పదమునకు భారము. 1,024 పత్రములున్నవనుకొందము; దాని మానము 10. అన్ని పత్రములందును ఉన్న పదమునకు భారము 1. 512 పత్రములందున్నదానికి 2. నాలుగింటనే యున్నదానికి 9. ఒక్కదానియందే యున్నదానికి 11. కోరికయందలి అరుదైన పదమొక్కటి కలిగిన పత్రము, సామాన్యపదములు నాలుగు కలిగిన పత్రమును వెనుకకు నెట్టి ముందు నిలుచును. లూన్ మతమునకు దీనికి గల భేదము ముఖ్యము. ఆయన సామాన్యపదములను తొలగింపుమనెను; ఈమె తొలగింపవలదు, తేలిక చేయుమన్నది. తొలగించినచో సాకల్యము చెడును. తేలిక చేసినచో సాకల్యము నిలుచును, శుద్ధి పెరుగును. ఈ సూక్ష్మమును కనుగొనుటయే వ్యాసమునకు ప్రాణము.

మన వ్యాకరణ విద్యార్థులకీ భావము వింతగాదు. ఉత్సర్గము విస్తృతవిషయము, అపవాదము అల్పవిషయము. రెండును ఒకచోట ప్రసక్తించినపుడు అపవాదమే బలవత్తరము. ఏలయన దానికి వేరొకచోట అవకాశము లేదు. ఇచ్చటను ప్రవర్తింపనిచో అది వ్యర్థమగును. అల్పవిషయమునకు బలమెక్కువ యను న్యాయము రెండుచోట్లను సమానమే. భేదమేమనగా, సూత్రమును వ్రాసినవాడు ప్రయోజనము నుద్దేశించి వ్రాసెను. కావున అల్పవిషయమైన సూత్రము తప్పక సార్థకము. పదమన్ననో, అరుదైనంత మాత్రమున సార్థకమని చెప్పవీలులేదు. ఈ సిద్ధాంతమునందలి మొదటి బలహీనత ఇచ్చటనే యున్నది.

అచ్చుతప్పు నొకదానిని తీసికొందము. అది సంచయమంతటిలో ఒక్క పత్రముననే యుండును. లెక్కప్రకారము దానికే అత్యధికభారము. యంత్రమునకు అచ్చుతప్పునకును అపూర్వపదమునకును భేదము తెలియదు. తెలుగునకు ఈ పద్ధతిని ఉన్నదున్నట్లుగ అనువర్తించినచో ఈ దోషము మఱియు పెరుగును. 'రాజు, రాజును, రాజునకు, రాజుచేత, రాజులు, రాజులయొక్క' అనునవి మనకు ఒకే పదమునకు రూపములు. అక్షరములను మాత్రమే పోల్చు యంత్రమునకు ఆరు పదములు. రాజును గూర్చిన పత్రములు ఈ యారింటికిని చీలిపోవుటచే ప్రతిరూపమును తక్కువ పత్రములందే కనబడి అధికభారమును పొందును. 'రాజు' అని వెదకినవానికి 'రాజునకు' అని మాత్రమే యున్న పత్రము దొరకదు. సంధి దీనికి తోడు. 'ఏమనిరి' అన్నచోట 'ఏమి' అనునది అక్షరరూపమున లేదు. 'వాఁడు' అని అరసున్నతో నచ్చయిన ప్రాచీనముద్రణయు, 'వాడు' అను నవీనముద్రణయు యంత్రమునకు పరస్పరము అపరిచితములు. రూపముయొక్క అరుదుతనమును పదముయొక్క అరుదుతనముగ భ్రమించుట ఇట్లు సంభవించును. విభక్తిరూపములు కొద్దిగ నుండు ఆంగ్లమున ఈ భ్రమ స్వల్పము; మన భాషయందది మూలమునకే ముప్పు. కావున పదవిభాగమును, ప్రాతిపదిక నిర్ణయమును లెక్కకు ముందే జరుగవలెను. అది వైయాకరణుని పని.

రెండవ యాక్షేపము గంభీరమైనది. విశిష్టత ప్రయోగసంఖ్యయే యైనచో అది పదముయొక్క గుణము కాదు, సంచయముయొక్క గుణము. 'ధ్వని' అను పదము అలంకారశాస్త్రవ్యాసముల సంచయమున తేలిక. వ్యవసాయగ్రంథముల సంచయమున బరువు. సంచయమును కూర్చినవాని అభిరుచి, పేదరికము, పక్షపాతము పదముల భారములందు ప్రతిఫలించును. తెలుగున అచ్చుకెక్కనిది, అచ్చయినను యంత్రలిపికి మారనిది ఎంతయో కలదు. అది లెక్కలోనికే రాదు. లెక్క నిష్పాక్షికమే; లెక్కకు లోనైన రాశి మాత్రము నిష్పాక్షికము కాదు. ఇది వ్యాసరచయిత్రి దోషము కాదు. సంచయసాపేక్షతను ఆమె దాచలేదు సరిగదా, దానినే సిద్ధాంతముగ నిలిపినది. దోషము, సంచయమును మఱచి ఫలితమును సార్వత్రికముగ గ్రహించు పాఠకునిది.

ఇక ఔచిత్యము. ఏ పత్రము కోరికకు తగినది యనుదానిని ఈ రంగమున నేడు తెలుగువారు 'ఔచిత్యము' అందురు. ఈ మాట క్షేమేంద్రుని స్మరింపజేయుట మేలే. పదకొండవ శతాబ్దపు ఆ విమర్శకుని మతమున ఔచిత్యము వస్తువున ఒంటరిగ నుండు గుణము కాదు, రెండింటి నడుమ నుండు సంబంధము. పత్రమునందు ఔచిత్యము లేదు, కోరికయందును లేదు. అడిగినవానికి ఆ పత్రము ఉపకరించుటయందున్నది. స్పార్క్ జోన్స్ తన పద్ధతి మెరుగని నిరూపించినది ఎట్లు? మూడు చిన్న సంచయములపై పరీక్షించి. వానిలో నొక్కటియు వేయి పత్రములకు చేరలేదు. ఆ పరీక్షయందు ఏ పత్రము ఏ కోరికకు తగినదో ముందుగ నిర్ణయించియుంచినవారు మనుష్యులు. అనగా గణనము తీర్పు చెప్పలేదు. మానవుని తీర్పునకు ఎంత చేరువగ రాగలదో చూపినది. ఆమెయు స్టీఫెన్ రాబర్ట్‌సనును కలిసి 1976లో ప్రకటించిన వ్యాసము ఈ సత్యమునే ఒక అడుగు ముందుకు నడపినది. తగినవని గుర్తింపబడిన పత్రములను బట్టి పదభారములను సవరించు మార్గము నది చూపెను.

1998లో బ్రిన్, పేజ్ అను స్టాన్‌ఫర్డు విద్యార్థులు ప్రకటించిన పద్ధతిని దీనితో కలిపి చెప్పుట పరిపాటి. కాని వారు ప్రధానముగ చేర్చిన ప్రశ్న వేరు. ఒక పుటను ఎన్ని పుటలు పేర్కొనుచున్నవి, ఆ పేర్కొనువానికి ఎంత గౌరవము కలదు అని వారు లెక్కించిరి. దీనికిని పూర్వరంగము కలదు. 1976లోనే పిన్‌స్కీ, నారిన్ అనువారు శాస్త్రపత్రికల ప్రభావమును ఇట్టి న్యాయముననే కొలిచిరి. పదభారము 'ఇది దేనిని గూర్చినది' యని యడుగును. అనులేఖనభారము 'దీనిని ఎందరు మన్నించిరి' యని యడుగును. ఒకటి ప్రసక్తి, రెండవది ప్రతిష్ఠ. రెండింటిని కలిపి ఒకే వరుసగ చూపినపుడు, మొదట వచ్చినది ప్రసక్తిచే వచ్చినదో ప్రతిష్ఠచే వచ్చినదో పాఠకునికి తెలియదు. ఎవరును పేర్కొనని మంచి వ్యాసము చాల క్రిందికి జారిపోవచ్చును. పరిశోధక విద్యార్థి ఆ వరుసయందలి మొదటి పదింటితో తృప్తిపడినచో, అతడు తన పూర్వులను గాక వారి కీర్తినే చదివినవాడగును.

కావున 1972 నాటి వ్యాసము తెలుగు పరిశోధకులకు రెండు విధముల ఉపకరించును. పదమును ప్రయోగరాశియందు పరిశీలించుమని అది చెప్పును. పదసూచికలు కూర్చిన మన పండితుల శ్రమకు అది కొత్త ప్రయోజనమును చూపును. లెక్కకు చివర మనుష్యుని తీర్పు నిలువవలెననియు అది తెలుపును. క్రాన్‌ఫీల్డునందు 1,400 పత్రములతో జరిగిన పని తెలుగు శాఖలకు అందరానిది కాదు. కొన్నివందల వ్యాసములను శుద్ధప్రతులుగ నెక్కించి, పదవిభాగము చేసి, నిజముగ పరిశోధకులడుగు ప్రశ్నలను సమకూర్చి, ఏ ప్రశ్నకు ఏ వ్యాసము తగినదో చదివి నిర్ణయించి యుంచినచో, తెలుగును వెదకు ప్రతియంత్రమును దానిపై పరీక్షింపవచ్చును. యంత్రమును చేయువారు వేరెవరైనను కావచ్చును. ఆ తీర్పు మాత్రము తెలుగు చదివినవారే చెప్పవలెను.