చామంతికి చీకటి కావాలి

కార్తీకం వచ్చిందంటే మొక్కల పిచ్చి ఉన్న నాలాంటి వాళ్లకు ఫోన్లు మొదలవుతాయి. "చామంతి గుబురుగా ఉందండీ, ఆకు నవనవలాడుతోంది, మొగ్గ మాత్రం లేదు. ఏం వేయమంటారు?" ఏదో ఒకటి వేయడమే మనకు తెలిసిన వైద్యం. వర్మీకంపోస్టు, ఎముకల పొడి, అరటితొక్కల నీళ్లు. నేను మాత్రం రాత్రిపూట ఆ కుండీ మీద ఏ దీపం వెలుగు పడుతోందని ఎదురు అడుగుతాను.

మా డాబా మీద రోజూ చూస్తున్నదే ఇది. రోడ్డు వైపు పిట్టగోడ పక్కన వీధిదీపం ఉంది. ఆ గోడ వారగా ఉన్న కుండీల మీద తెల్లవార్లూ దాని వెలుగే. వాటర్ ట్యాంకు చాటున ఉన్నవీ అదే నారు, అదే మట్టి. చాటువి మొగ్గ విచ్చి పసుపు చూపిస్తుంటే గోడ వారవి ఇంకా ఆకులే వేస్తుంటాయి. ఒక కుండీలోనైతే చీకటి వైపు కొమ్మకు బఠాణీ అంత మొగ్గలు, దీపం వైపు కొమ్మకు లేత చిగుళ్లు.

ఈ చిక్కుముడిని మొదట విప్పింది పొగాకు. వాషింగ్టన్ దగ్గర ప్రభుత్వ పరిశోధన క్షేత్రంలో 'మేరీల్యాండ్ మామత్' అనే రకం వేసవంతా మనిషిని మించి పెరిగేది గానీ పూసేది కాదు. చలికాలం గ్రీన్‌హౌస్‌లో మాత్రం పూసేది. గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేసవిలోనే దాన్ని సాయంత్రం కాకముందే చీకటి కొట్టంలోకి చేర్చి, పగటిని కుదించి చూశారు. పూసింది. 1920లో ఆ సంగతి ప్రచురించారు. 1938లో హామ్నర్, బానర్ ఇంకో మెట్టు ఎక్కారు. వాళ్లు పట్టుకున్నది మన పొలంగట్ల మీద బట్టలకు అంటుకునే ముళ్లకాయల మొక్క మరులమాతంగిని. పగలు మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికి పట్టలేదు. రాత్రి మధ్యలో కొన్ని నిమిషాలు దీపం పెడితే పూత ఆగిపోయింది. అంటే అది లెక్కపెట్టేది పగటిని కాదు, ఎడతెగని రాత్రిని.

మన దగ్గర ఈ లెక్క మరీ సన్నం. హైదరాబాద్‌లో జూన్ పగలు పదమూడు గంటల పైచిలుకు, డిసెంబరు పగలు పదకొండు గంటల పైచిలుకు. ఆ రెండు గంటల తేడాలోనే చామంతి తన కాలాన్ని వెతుక్కోవాలి.

రైతులు ఈ గుట్టును సొమ్ము చేసుకోవడం నేర్చారు. కుప్పం దాటి కోలారు వైపు రాత్రి ప్రయాణం చేస్తే చామంతి తోటల మీద వరసగా బల్బులు కనిపిస్తాయి. పెళ్లిపందిరి అనుకుంటాం! పొట్టి పగళ్లలో నాటిన నారు కాడ సాగకుండానే మొగ్గ వేస్తే దిగుబడి పోతుంది. అందుకే మొదట్లో కొన్ని వారాలు దీపాలు పెట్టి మొగ్గను ఆపుతారు, మొక్క ఏపుగా ఎదిగాక ఆర్పేస్తారు. డ్రాగన్ ఫ్రూట్‌ది సరిగ్గా తిరగేసిన కథ. దానికి పొడవు పగలు కావాలి, చలికాలంలో దీపాలు పెడితే పూస్తుంది. ఒకే బల్బు ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని లేపుతుంది.

దీన్నంతటినీ నడిపేది ఆకులో ఉండే ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్. ఎర్ర కాంతి పడితే మేల్కొంటుంది, మన కంటికి సరిగా ఆనని దూరపు ఎరుపు పడితే త్వరగా, చీకటిలో ఉంచితే మెల్లగా సద్దుమణుగుతుంది. కుండీలు ఇరికించి పెడితే మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగడం వెనక ఉన్నదీ ఇదే. పక్క మొక్క ఆకు ఎరుపును తాగేసి దూరపు ఎరుపును వదిలేస్తుంది. ఆ తేడాను బట్టి పొరుగున పోటీ ఉందని గ్రహించి మొక్క కణుపుల మధ్య కాడను సాగదీసి పైకి పరుగెడుతుంది. ఎరువు చాలక కాదు, జాగా చాలక.

వరిదీ ఇదే దారి. పాత సార్వా రకాలు చాలావరకు ఎప్పుడు నాటినా పగలు కుదించుకుపోయాకే ఈనేవి. 1966లో విడుదలైన ఐఆర్-8 పగటి పొడవును పట్టించుకోకుండా నాలుగు నెలలు దాటిన కొద్ది రోజులకే కోతకొచ్చింది. మరుసటి ఏడే పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి పేరు తెచ్చుకున్నారు. దాని దిగుబడి గురించి అందరూ రాశారు, రాత్రిని లెక్కచేయని దాని గుణం గురించి రాసినవాళ్లు తక్కువ. నాకైతే అదే పెద్ద సంగతి.

కాబట్టి మొగ్గ రాని చామంతికి ఇంకో గుప్పెడు ఎరువు వేసేముందు రాత్రి పదింటికి ఒకసారి డాబా ఎక్కి చూడండి. కుండీ మీద వెలుగు పడుతుంటే చాటుకు జరపండి. జరపడానికి చోటు లేదా, సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడు దాకా అట్టపెట్టె బోర్లించండి, మొగ్గ రంగు చూపేదాకా ఒక్కరోజు కూడా మానకుండా.