ఫ్లైవీలు పట్టు విడిపించే విద్య

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. అంతర్వేది పల్లిపాలెం, ఓడలరేవు లాంటి చోట్ల పడవలు ఒడ్డెక్కే ఈ రెండు నెలలూ వలలకూ ఇంజన్లకూ మరమ్మతుల కాలం. అయితే పడవ వెనక బల్లకు తగిలించే ఔట్‌బోర్డు మోటారుకు ఈ విశ్రాంతే చేటు తెస్తుంది. పది నెలలు ఉప్పు తుంపరలో తిరిగిన మోటారును మంచినీళ్లతో కడగకుండా మూల పడేస్తే, పేరుకున్న ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుని మూత కింద తుప్పు పెంచుతుంది. జూన్‌లో తాడు లాగితే స్పార్కు రాదు. స్పార్కు పుట్టించే సరంజామా చాలావరకు ఫ్లైవీలు కింద ఉంటుంది. ఆ చక్రమేమో ఊడిరాదు.

ఈ అమరిక పాతదే. నార్వేలో పుట్టి అమెరికాలోని మిల్వాకీలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారుకు నెత్తిన చక్రం, చక్రం మీద పిడి ఉండేవి. పిడి పట్టి తిప్పితే ఇంజన్ అందుకునేది. పిడి పోయి తాడు వచ్చినా అమరిక మారలేదు. క్రాంకు షాఫ్టు నిలువుగా ఉంటుంది, దాని కొసన ఫ్లైవీలు కూర్చుంటుంది. చక్రం అంచు లోపలివైపు అయస్కాంతాలు, వాటి నీడలో కాయిలూ పాయింట్లూ కండెన్సరూ. ఎలక్ట్రానిక్ పద్ధతిలో స్పార్కు పుట్టించే కొత్త సీడీఐ మోటార్లలో పాయింట్లు లేవు గానీ కాయిళ్ల చోటు అదే. పై ఆయిల్ సీలు మార్చాలన్నా చక్రం తీయక తప్పదు.

ఆ చక్రాన్ని పట్టి ఉంచేది పైనున్న నట్టు ఒక్కటే అనుకుంటే పొరపాటు. షాఫ్టు కొస పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, చక్రం హబ్బులోని బెజ్జం కూడా అదే వాలులో ఉంటుంది. పారకు కామ బిగించినట్టే, ఒకసారి దిగిందంటే రాపిడే పట్టుకుంటుంది. లెక్క చూద్దాం. పది మిల్లీమీటర్ల పొడవుకు ఒక మిల్లీమీటరు సన్నబడే షాఫ్టులో వాలు నడిమి గీత నుంచి 3 డిగ్రీల లోపే. ఉక్కు మీద ఉక్కు తనంతట జారాలంటే, నూనె తగిలినా సరే, ఆరేడు డిగ్రీల వాలైనా కావాలి. కాబట్టి నట్టు తీసేసినా చక్రం కదలదు. ఇంజన్ జోరునంతా మోసేది ఈ పట్టే. చక్రానికీ షాఫ్టుకూ మధ్య గాడిలో ఉండే అర్ధచంద్రాకారపు ముక్క, హాఫ్‌మూన్ కీ, చక్రాన్ని సరైన కోణంలో కూర్చోబెట్టడానికే తప్ప బరువు మోయడానికి కాదు. మామూలుగానే ఇంత గట్టిగా పట్టుకునేదానికి తుప్పు తోడైతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

పని తెలిసిన మెకానిక్కు ముందు సుత్తి జోలికి పోడు. పెట్రోలు ట్యాంకు గొట్టం ఊడదీసి దూరం పెడతాడు, స్పార్కు ప్లగ్గులు తీస్తాడు. నట్టు వదులు చేసేటప్పుడు చక్రం తిరగకుండా బెల్టు రెంచితో అంచు చుట్టూ పట్టి ఆపుతాడు. చక్రం అంచు పళ్ల మధ్య స్క్రూడ్రైవరు దోపితే పళ్లు విరుగుతాయి, చక్రంలోని కిటికీలోంచి దోపితే కాయిలు చితుకుతుంది. ప్లగ్గు బెజ్జంలోంచి సిలిండరులోకి తాడు దూర్చి పిస్టన్‌ను ఆపే ఉపాయం ఒకటుంది. టూ స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్ పైకి వచ్చి పోర్టులు మూసుకున్నాకే తాడు పెట్టాలి, లేదంటే అది పోర్టు అంచున పడి తెగుతుంది. కోనసీమలో చేతికందేది కొబ్బరి తాడే గానీ ఇక్కడ పనికిరాదు, పీచు రాలి లోపల మిగిలిపోతుంది. మెత్తని నైలాన్ తాడు మేలు.

నట్టు వదులైంది కదా అని పూర్తిగా తీయరు. షాఫ్టు కొసతో సమంగా వచ్చేదాకా తిప్పి ఆపుతారు. దెబ్బ పడ్డా మరలు చెడవు, పట్టు వదిలిన చక్రం ఎగిరి మీద పడదు.

అప్పుడు పుల్లరు. హబ్బు పక్కన చాలా చక్రాలకు మూడు మరల బెజ్జాలుంటాయి. పుల్లరు పళ్లెంలోంచి మూడు బోల్టులు వాటిలోకి సమానంగా దిగాలి. లోతు ఎక్కువైతే కింది కాయిలును పొడుస్తాయి. జపాన్ మోటార్లకు మిల్లీమీటర్ల మర, పాత అమెరికన్ మోటార్లకు అంగుళాల మర. ఒకదాని బోల్టు ఇంకోదాంట్లో బలవంతాన దించితే ఉన్న మరలూ పోతాయి. నడిమి బోల్టు కొసకు గ్రీజు రాసి షాఫ్టు నెత్తిన ఆనించి బిగిస్తారు. గట్టిపడ్డాక ఆగుతారు. ఆ బోల్టు తల మీద నిటారుగా, పొందిగ్గా ఒక్క దెబ్బ. కదలకపోతే మరికాస్త బిగింపు, మళ్లీ దెబ్బ. లాగుడు పట్టును సాగదీస్తుంది, దెబ్బ ఆ క్షణానికి రాపిడిని వదిలిస్తుంది. రెండూ కలిసినప్పుడు టప్పున శబ్దం వచ్చి చక్రం లేస్తుంది.

పుల్లరు లేనిచోట ఒకరు చక్రం పట్టుకుని మోటారును పైకెత్తితే ఇంకొకరు నట్టు మీద కొట్టడం మామూలే. తేలిగ్గా పట్టిన చక్రం అలా ఊడొచ్చు. కానీ చిన్న టూ స్ట్రోక్ మోటార్లలో క్రాంకు చాలావరకు ముక్కలను ప్రెస్సులో బిగించి చేసినదే. గట్టి దెబ్బకు అది వంకర పోతుంది, బేరింగులు దెబ్బతింటాయి. అంచుకు కాళ్ల పుల్లరు తగిలించి లాగితే చక్రం వంగుతుంది, అయస్కాంతాలు ఊడతాయి.

మొండికేసినదానికి రాత్రంతా నూనె నాననివ్వాలి, ఆ తర్వాత వేడి. బ్లో లాంపు పెడితే సీలు కాలుతుంది, అయస్కాంతం బలం తగ్గుతుంది, దగ్గర్లో పెట్రోలు ఆవిరి ఉంటే ప్రాణాపాయం. మరిగే నీళ్లలో ముంచి పిండిన గుడ్డ హబ్బుకు చుట్టడం క్షేమం. 30 మిల్లీమీటర్ల ఉక్కు బెజ్జం 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే 0.025 మిల్లీమీటరు సాగుతుంది. గుడ్డతో అంత వేడి పూర్తిగా అందకపోయినా, పుల్లరు బిగించి ఉన్నప్పుడు అందులో కొంత సాగినా చాలు.

ఊడదీయడం సగం పనే. తిరిగి కూర్చోబెట్టేటప్పుడు వాలును పెట్రోలు గుడ్డతో తుడిచి పొడిగా ఉంచాలి. మళ్లీ పట్టేస్తుందన్న భయంతో గ్రీజు పూస్తే పని చెడుతుంది. గ్రీజు మీద చక్రం హద్దు మించి కిందికి దిగి హబ్బు పగలవచ్చు, పట్టు చాలక జారి కీ తెగనూవచ్చు. కీ కొద్దిగా తెగినా స్పార్కు వేళ తప్పుతుంది, ఇంజన్ ఎదురు తన్నుతుంది. తెగిన కీ బదులు మేకు ముక్క దోపితే ఈసారి చెడేది క్రాంకు గాడి. కీని మెత్తగా చేసేది అది ముందు తెగి ఖరీదైన షాఫ్టును కాపాడాలనే. వాలు మీద తుప్పు గుంటలుంటే కీ తీసి, వాల్వు గ్రైండింగ్ పేస్టుతో చక్రాన్ని షాఫ్టు మీదే అటూ ఇటూ తిప్పి నునుపు చేసి, పేస్టు ఆనవాలు లేకుండా కడగాలి. ఆపైన నట్టును కంపెనీ చెప్పిన బిగువుకు బిగించాలి.

ఈ జాగ్రత్త విలువ వరదలో తెలుస్తుంది. పి.గన్నవరం మండలం బూరుగులంక, ఉడిమూడిలంక వంటి లంకవాసులకు ఏళ్ల తరబడి గోదావరి పొంగినప్పుడల్లా పడవే దారి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి పోటులో నడిమధ్య ఇంజన్ ఆగితే పడవ ఎవరి చేతిలోనూ ఉండదు. వేసవిలో తొందరపడి వేసిన ఒక సుత్తి దెబ్బ అప్పుడు లెక్క అడుగుతుంది.

విశాఖలో శాఖ ఉన్న కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ మెరైన్ ఫిట్టర్ కోర్సు నడుపుతోంది. అక్కడిదాకా వెళ్లలేని కుర్రాళ్లకు రేవు దగ్గరి షెడ్డే బడి. ఎంత బిగిస్తే చాలో మణికట్టుకు తెలియాలి, దెబ్బ లోపలికి పోయిందా పైనే ఆగిందా చెవికి తెలియాలి. అవి పక్కన నిలబడి నేర్చుకునేవి. పనిముట్టు మాత్రం కొనివ్వొచ్చు, చేయించొచ్చు. మందపాటి ఉక్కు పళ్లెం, గట్టి రకం బోల్టులు నాలుగు ఉంటే లేతు షాపులో పుల్లరు తయారవుతుంది. మత్స్యకార సంఘాలు ప్రతి రేవులో రెండు రకాల మరలకూ సరిపడే పుల్లరు ఒకటి ఉమ్మడిగా పెట్టుకుని, నిషేధం మొదలైన వారంలోనే చక్రాలు విప్పి చూసుకుంటే, జూన్ 14 రాత్రి ఎవరూ సుత్తి వెతుక్కోనక్కర్లేదు.