ఇవాన్–కూర్బ్‌స్కీ లేఖలు: వంశం, అధికారం, శైలి

1564 ఏప్రిల్‌లో లివోనియా యుద్ధ సేనాని ఆంద్రేయ్ కూర్బ్‌స్కీ యూర్యెవ్ కోటను విడిచి లిథువేనియా పక్షం చేరాడు. అక్కడి నుంచి తన పూర్వప్రభువు నాల్గవ ఇవాన్‌ను నిలదీస్తూ లేఖ రాశాడు. జూలైలో వెలువడిన జారు ప్రత్యుత్తరం ఆ లేఖకు అనేక రెట్లు పెద్దది. ఈ సంవాదాన్ని నిరంకుశత్వానికీ స్వేచ్ఛకూ జరిగిన వాగ్యుద్ధంగా చదవడం పరిపాటి. ఈ పఠనం కూర్బ్‌స్కీకి అర్హతకు మించిన కీర్తిని, ఇవాన్ రచనకు అర్హతకు తగ్గ విలువను ఇస్తున్నది.

కూర్బ్‌స్కీ యారొస్లావ్ల్ రాజశాఖకు చెందిన 'క్న్యాజ్'. అంటే ఇవాన్ వలెనే రూరిక్ వంశీయుడు. ఆ శాఖ స్వతంత్ర రాజ్యం 15వ శతాబ్దిలోనే మాస్కోలో కలిసిపోయింది. మిగిలింది బిరుదు, దానితో పాటు జ్ఞాపకం. లేఖలో అతడు తలచుకొన్నది ప్రజలను కాదు, హతులైన సేనానులను, తన గాయాలను, పుణ్యపురుషుడుగా పూజలందుకొంటున్న తన పూర్వీకుడు ఫ్యొదర్ రొస్తిస్లావిచ్‌ను. అతడు కోరినది కులీనుల హితవు వినే రాజును. దీనిని స్వేచ్ఛావాదం అనడం కాలవిరుద్ధం. ఇవాన్ ఈ సూక్ష్మాన్ని వెంటనే పట్టుకొన్నాడు. యారొస్లావ్ల్‌కు ప్రభువు కావాలన్న కోరిక ఉన్నదని ఎత్తిపొడిచాడు. తన కొలువులోని రాకుమారులందరూ 'ఖొలోప్'లే, అంటే దాసులే. వారిని సత్కరించడమూ శిక్షించడమూ తన ఇష్టమన్నాడు. అది మాటతో ఆగలేదు. 1565లో అప్రీచ్నినా వ్యవస్థ మొదలైన తరువాత కజాన్ ప్రాంతానికి తరలింపబడిన రాకుమారులలో యారొస్లావ్ల్ వంశీయులు ఎందరో ఉన్నారు.

అయితే సాహిత్య విమర్శకు ముఖ్యమైనది ఇవాన్ వాదం కాదు, దాని వాచకం. గ్రంథవాక్యాలను గుప్పిస్తూ సాగే ప్రవచనం మధ్య హఠాత్తుగా ఒక గది ప్రత్యక్షమవుతుంది. మూడేళ్ల వయసులో తండ్రిని, ఏడేళ్లకు తల్లిని కోల్పోయిన బాలుడు తమ్మునితో ఆడుకొంటుంటాడు. ఇవాన్ షూయ్‌స్కీ అనే రాకుమారుడు బల్లపై కూర్చొని, మోచేతిని బాలుని తండ్రి శయ్యపై ఆనించి, పిల్లల వైపు కన్నెత్తి చూడడు. సింహాసన సిద్ధాంతమంతా ఆ మోచేతి మీద నిలబడినట్లు అనిపిస్తుంది. ఇది నిజంగా జరిగిందా అన్న ప్రశ్న వేరు; రాజు తన అధికారాన్ని సమర్థించుకోవడానికి పసితనపు అవమానాన్ని సాక్ష్యంగా ఎంచుకోవడమే ఇక్కడ విశేషం.

కూర్బ్‌స్కీ రెండవ లేఖలో హేళన చేసింది సరిగ్గా ఈ భాగాన్నే. పరుపుల ఊసు, దుస్తుల ఊసు ముసలమ్మల కబుర్లట. వ్యాకరణం, అలంకారశాస్త్రం తెలిసినవారున్న దేశానికి ఇటువంటి రాతను పంపడానికి సిగ్గుండాలట. మన ఆలంకారికుల పరిభాషలో ఇది గ్రామ్యదోషారోపణ. తిరస్కరించినది రాజ్యనీతిని కాదు, అనౌచిత్యాన్ని. కానీ కూర్బ్‌స్కీ సమతూకపు వాక్యాల కన్నా ఆ 'దోషమే' నేటికీ సజీవంగా ఉన్నది.

మూలప్రతులు దొరకలేదు, లభ్యమైనవి 17వ శతాబ్ది నకళ్లు. దీని ఆధారంగా ఎడ్వర్డ్ కీనన్ 1971లో ఈ లేఖలు ఆ శతాబ్దిలో పుట్టిన కూటరచనలని వాదించాడు. స్క్రిన్నికోవ్ ప్రభృతులు ఖండించారు. అధిక సంఖ్యాకులు ప్రామాణికతనే అంగీకరిస్తున్నారు. ఒకవేళ కీనన్ మాటే నిజమైనా, జారుకు ఇంతటి గొంతు కల్పించిన అజ్ఞాత రచయితను కాదనలేం.

ఈ వాదోపవాదాల నడుమ మరొకడున్నాడు, కూర్బ్‌స్కీ సేవకుడు వసీలీ షిబానోవ్. లేఖ తెచ్చిన అతని పాదాన్ని జారు తన చేతికర్ర మొనతో గుచ్చి, ఆ కర్రపై ఆనుకొనే లేఖ విన్నాడన్న కథ తరువాతి కాలపు అల్లిక. 19వ శతాబ్దిలో అలెక్సేయ్ టాల్‌స్టాయ్ గేయకథ దానిని ఇంటింటికీ చేర్చింది. ఇవాన్ లేఖలో ఉన్నది మరొకటి: మృత్యుద్వారం వద్ద కూడా యజమానిని తూలనాడని ఈ దాసుని చూచి సిగ్గుపడమని అతడు కూర్బ్‌స్కీని గద్దిస్తాడు. రాకుమారుని దాసునిగా దించిన కలమే దాసుని రాకుమారునికి గురువును చేసింది. షిబానోవ్ రాసిన పంక్తి మాత్రం ఏ నకలులోనూ లేదు.